ఇల్లు మనది, తాళము వారిది

శ్రీకాకుళము జిల్లాలో వంశధార గట్టున శ్రీముఖలింగమను గ్రామమున్నది. నేడది చిన్న పల్లెటూరు, ఒకనాడు కళింగనగరము. తూర్పు గాంగరాజులు అచ్చటినుండి కొన్ని శతాబ్దములు కళింగమును పాలించిరి. రాజులు పోయిరి, రాజభవనములు పోయినవి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మాత్రము నిలిచినవి. మధుకేశ్వరాలయపు రాళ్లమీద ఎందరో దాతల పేర్లు చెక్కబడి యున్నవి. ఫలానా సంవత్సరమున ఫలానావారు దేవుని యెదుట అఖండదీపము వెలుగుటకై ఇంత ధనము సమర్పించిరని ఆ రాళ్లు చెప్పుచున్నవి. శతాబ్దములు గడచినను, చెక్కినవాని యుద్దేశమును కాదని ఏ అక్షరమును తన చోటు మారలేదు.

రాతికున్న ఆ నిబ్బరము నేటి వ్రాతకు లేదు. బడిపంతులు రాత్రి పొద్దుపోవువరకు కూర్చుండి ప్రశ్నపత్రము సిద్ధపరచి, కంప్యూటరును అట్లే విడిచి నిద్రించును. తెల్లవారునప్పటికి యంత్రము తనంతట తానే ఆగి, తానే లేచి, నీలివర్ణపు తెరమీద కొంతసేపు వేచియుండుడని ఆజ్ఞాపించుచుండును. ఆ కొంతసేపు గంట కావచ్చును, రెండు గంటలు కావచ్చును. బడివేళ దాటిపోవును. ఎట్టకేలకు తెర వెలిగినపుడు పనిముట్ల వరుస మారియుండును. నిన్నటివరకు చెప్పినమాట వినిన ప్రింటరు నేడు పలుకకుండును. ఎడమవైపుననున్న మీట నడుమకు వచ్చి కూర్చుండును. ఇంటిలో ఎవరును ముట్టుకొనలేదు. అయినను వస్తువు మారినది.

ఎవరు మార్చిరి? ఎవరి ననుమతి నడిగి మార్చిరి? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దాని వెనుక స్వామ్యమునకు, సమ్మతికి, భద్రతకు సంబంధించిన పెద్ద విచారము కలదు. కంప్యూటరు లేని పాఠశాల, ఫోను లేని ఇల్లు అరుదైపోయిన ఈ దినములలో ఆ విచారము నిపుణులకు మాత్రమే విడువదగినది కాదు.

మరమ్మతు వేరు, మార్పు వేరు

కంప్యూటరును నడపు మూలవ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. పాతకాలమున గ్రామమునకు కరణమెట్టివాడో యంత్రమున కది యట్టిది. జ్ఞాపకశాలలో ఎవరికెంత చోటు, తెరమీద ఎవరి వంతెప్పుడు, అచ్చుయంత్రమునకు ఏ కాగితము ముందు పోవలెను అను లెక్కలన్నియు దానిచేతిలో నుండును. మనము వ్రాయు ప్రతి అక్షరమును దాని దస్త్రముద్వారానే పోవలెను. మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్, ఆపిల్ సంస్థవారి మాక్ ఓయెస్, ఎవరికిని సొంతము కాక అందరికిని చెందిన లినక్స్ ఇందులో ముఖ్యమైనవి.

ఈ వ్యవస్థకు వచ్చు మార్పులు రెండు తెరగులు. మొదటిది అప్‌డేట్. ఇంటికప్పు కారుచున్నపుడు పగిలిన పెంకు తీసి కొత్త పెంకు వేయుట వంటిది. ఇల్లు మారదు, వాన లోనికి రాదు. రెండవది అప్‌గ్రేడ్. పెంకుటిల్లు విప్పి మిద్దె కట్టుట వంటిది. అందులో గదుల వరుస మారును, పాత సామాను కొంత పట్టకపోవును, అలవాటుపడిన కాళ్లు గడపలు తగిలి తడబడును. పెంకు వేయుటకు వచ్చిన మేస్త్రి, ఇంటివారు నిద్రించుచుండగా మిద్దె కట్టిపోయినచో ఎట్లుండును? నేటి గృహస్థుల ఫిర్యాదులో సారము ఇంతయే. మరమ్మతు వలదనువాడు అరుదు. మరమ్మతు తలుపుననే మార్పును గూడ లోనికి పంపుట వారికి కష్టముగా నున్నది.

దీనికి న్యాయశాస్త్రరీత్యా ఒక మూలమున్నది. కంప్యూటరు కొన్నవాడు యంత్రమునకు యజమాని. అందులోని ఆపరేటింగ్ సిస్టమునకు మాత్రము అతడు యజమాని కాడు. కొన్ని షరతులకు లోబడి వాడుకొను హక్కు మాత్రమే అతనికి సంక్రమించును. మొదటిసారి యంత్రమును తెరచినపుడు పుటలకొలదిగా కనబడు ఒప్పందమును చదువకయే అందరును అంగీకారపు మీట నొక్కుదురు. అప్‌డేట్లు తమంతట తామే వచ్చుటకు సమ్మతించుచున్నామను వాక్యము ఆ ఒప్పందములోనే యున్నది. అనగా ఇల్లు మనది, తాళము వారిది.

ఒక చిన్న మీట కథ

ఈ విషయము లోకమంతట రచ్చకెక్కినది 2015, 2016 సంవత్సరములలో. 2015 జూలై 29న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10ను విడుదల చేసెను. అప్పటికి సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి తెలుగువాడు, హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ల. విండోస్ 7, విండోస్ 8.1 వాడుచున్నవారికి ఒక సంవత్సరము పాటు కొత్త వ్యవస్థను ఉచితముగా నిత్తుమని సంస్థ ప్రకటించెను. రెండు మూడేండ్లలో నూరుకోట్ల పరికరములమీద విండోస్ 10 నడువవలెనని దాని లక్ష్యము. ఉచితముగా వచ్చుదానిని ఎవరు కాదందురు? కోట్లాది జనులు సంతోషముతోనే స్వీకరించిరి.

అయితే కాదనినవారు గూడ ఉండిరి. వారి పాత ప్రింటర్లు, పాత లెక్కల పుస్తకములు, పాత అచ్చు సామగ్రి కొత్త వ్యవస్థలో నడచునో లేదోయని వారి శంక. అట్టివారి తెర మూలలో ఒక చిన్న గుర్తు వెలసి, కొత్తదానికి మారుడని మాటిమాటికి పిలువసాగెను. 2016 ఫిబ్రవరిలో ఆ మార్పును సిఫారసు చేసిన అప్‌డేట్ల జాబితాలో చేర్చిరి. దానితో అనేక యంత్రములలో అది అడుగకయే దిగుమతి యయ్యెను. 2016 మే మాసమున మరియొక వింత జరిగినది. పిలుపుపెట్టెకు కుడివైపు మూల నుండు ఇంటూ గుర్తును నొక్కినచో పెట్టె మూతపడి, పిలుపు తిరస్కరింపబడినట్లే యని ఇరువదియేండ్లుగా లోకమున కలవాటు. ఆ పెట్టెలో మాత్రము, మార్పునకు ముందే నిర్ణయింపబడిన గడియ ఇంటూ నొక్కినను రద్దు కాలేదు. వలదని చేయి ఊపినవానిని సరేయని తలయూపినట్లు లెక్కించిరి.

కాలిఫోర్నియా రాష్ట్రమున ప్రయాణపు ఏర్పాట్ల వ్యాపారము చేయు ఒక మహిళ, తాను కోరని మార్పువలన తన యంత్రము పాడై దినములకొలది పని నిలిచినదని చిన్న వ్యాజ్యముల న్యాయస్థానమున దావా వేసి 10,000 డాలర్ల తీర్పు పొందెను. సంస్థ అప్పీలును విరమించుకొని ఆ సొమ్ము చెల్లించెను. ఈ వార్త 2016 జూనులో వెలువడినది. ఆ మాసాంతముననే వలదను మీటను స్పష్టముగా చూపుటకు సంస్థ అంగీకరించెను. ఆ విషయమున హద్దు దాటితిమని సంస్థ ప్రచారశాఖ అధిపతియే 2016 డిసెంబరులో ఒప్పుకొనెను. కోట్ల డాలర్ల సంస్థను ఒక చిన్న మీట తలవంచునట్లు చేసినది. ఏలన, అందులో ప్రశ్న సాంకేతికమైనది కాదు. మాటకు అర్థము మార్చుట తగునా యను నీతిప్రశ్న.

తలుపు మూసినవారి కథ

ఇంతవరకు విని, అప్‌డేట్లన్నియు పీడయే, వానిని సమూలముగా నిలిపివేయుటయే మేలని తీర్మానించుట తొందరపాటు. ఆ తీర్మానమునకు సమాధానము మరుసటి సంవత్సరముననే వచ్చినది. అదియును శ్రీకాకుళము జిల్లా గుమ్మములోనికి వచ్చినది.

2017 మే 12, శుక్రవారము. వనాక్రై యను పేరుగల ఒక దుష్టక్రమణిక లోకముమీద పడినది. అది సోకిన యంత్రములోని దస్త్రములన్నింటికి తాళము వేసి, 300 డాలర్ల సొమ్ము బిట్‌కాయిన్ రూపమున చెల్లించినచో తాళము తీయుదునని బెదరించుచుండెను. కొలది దినములలో 150 దేశములలో రెండు లక్షలకు మించిన యంత్రములు దానివాత పడినవని యూరోపు పోలీసు సంస్థ యూరోపోల్ లెక్కించెను. బ్రిటనులో ప్రభుత్వ వైద్యశాలలు స్తంభించినవి. రమారమి 19,000 మంది రోగుల వైద్యపు వేళలు రద్దయి యుండునని ఆ దేశపు లెక్కల తనిఖీ శాఖ అంచనా వేసినది. ఆంధ్రప్రదేశములో చిత్తూరు, గుంటూరు, కృష్ణా, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలోని 18 పోలీసు విభాగముల కంప్యూటర్లు దాని బారిన పడినవని నాటి పత్రికలు ప్రకటించినవి.

ఇందులో విచారింపదగిన అంశ మొకటి కలదు. ఆ దుష్టక్రమణిక లోనికి వచ్చిన కన్నము అప్పటికే తెలిసినది. దానిని పూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2017 మార్చి 14ననే విడుదల చేసియుండెను. దాడికిని మరమ్మతుకును నడుమ రెండు మాసముల వ్యవధి యుండెను. మరమ్మతును స్వీకరించిన యంత్రములకు ఆ కన్నముగుండా హాని కలుగలేదు. చెడిపోయిన యంత్రములలో అత్యధికము మరమ్మతు అందుబాటులోనున్న విండోస్ 7 యంత్రములే. విసుగుచేతనో, భయముచేతనో, పని తొందరచేతనో తలుపు మూసికొనినవారి ఇండ్లలోనే దొంగ ప్రవేశించెను.

అంటువ్యాధులకు టీకా వేయుటలో గల న్యాయమే ఇచ్చటను గలదు. ఒక్క ఇంటివాడు టీకా వలదన్నచో నష్టము ఆ యింటితో ఆగదు. వనాక్రై ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు మనిషి చేయి తగులకయే వ్యాపించినది. కావున సంస్థలు అప్‌డేట్లను బలవంతముగా పంపుటకు స్వలాభము మాత్రమే కారణమనుట సత్యదూరము. వేలమంది పెద్దలు చెప్పిన మాట వినకపోగా, చివరకు ఆ సంస్థలు అడుగుట మానివేసినవి.

జ్ఞానమునకు తొలి యక్షరము

మరి యొక యుదాహరణము తెలుగువారికి మిక్కిలి దగ్గరది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగక్షరము ప్రపంచమందలి ఐఫోనులను కూలద్రోసినది. అది జ్ఞా. జకారము, దాని క్రింద ఞకారము, వాని పిమ్మట కంటికి కనబడని యొక వేర్పాటు గుర్తు, పైన దీర్ఘము. ఈ కూర్పుగల యక్షరమును తెరమీద చూపబోయిన వెంటనే నాటి ఐఫోనులోని సందేశ సాధనములు కుప్పకూలుచుండెను. తెలుగు లిపిలో ఒత్తులను, గుణింతములను ఒకదానిపై నొకటి పేర్చు పద్ధతిని ఆ వ్యవస్థ సరిగా లెక్కింపలేకపోవుటయే కారణము. ఆకతాయిలు ఆ యక్షరమును ఒండొరులకు పంపి వినోదించిరి. తెలుగు రాని దేశములలో తెలుగక్షరమును చూచి భయపడు కాలము కొన్ని దినములు నడచినది. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 సంఖ్యగల అప్‌డేటును విడుదల చేసి ఆ దోషమును తొలగించెను.

జ్ఞానమునకు తొలి యక్షరమే యంత్రమునకు మింగుడు పడకపోవుట నవ్వు పుట్టించును. కాని అందులోని పాఠము నవ్వుటతో ముగియదు. మన భాషలోని ఒక యక్షరమును యంత్రము సక్రమముగా పలుకుటకు గూడ ఎచ్చటనో ఎవరో ఒక మరమ్మతు పంపవలసి వచ్చినది. దానిని స్వీకరించినవాని ఫోను బాగుపడినది. స్వీకరింపనివాడు ప్రతి తెలుగు సందేశమునకు జంకుచు కూర్చుండెను.

వైద్యుడే వ్యాధి తెచ్చిన నాడు

నాణెమునకు రెండవ ముఖమును గూడ చూడవలెను. 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 సంచిక కొందరి యంత్రములలో వారి సొంత పత్రములను, ఛాయాచిత్రములను తుడిచివేసెను. నాలుగు దినములలోనే సంస్థ ఆ సంచికను నిలిపివేసి, సరిదిద్దిన పిమ్మట నవంబరులో తిరిగి యిచ్చెను. కాని తుడిచిపెట్టబడినవానిలో వేరొక ప్రతి లేనివి ఎన్నియో యుండును.

అంతకంటె పెద్దది 2024 జూలై 19న జరిగినది. క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతాసంస్థ తన రక్షణక్రమణికకు పంపిన ఒక చిన్న అప్‌డేటులో దోషముండెను. వాడుకరి యనుమతితో పనిలేకుండ అది యంత్రములలో ప్రవేశించినది. రమారమి 85 లక్షల విండోస్ యంత్రములు ఒక్కపూటలో నీలితెర చూపి నిలిచిపోయినవి. విమానములు నిలిచినవి, బ్యాంకులు నిలిచినవి, వైద్యశాలలు నిలిచినవి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు ప్రవేశపత్రములను చేతితో వ్రాసి యిచ్చిరి. కలము, కాగితము మరల అక్కరకు వచ్చిన దినమది.

2017లో మరమ్మతు చేసికొననివారు నష్టపడిరి. 2024లో అడుగకయే వచ్చిన మరమ్మతు నష్టపెట్టినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తేలు సత్య మొక్కటియే. మార్పు మంచిదా చెడ్డదా యని వాదించుట నిష్ఫలము. ఏ మార్పు, ఎప్పుడు, ఎవరి యెరుకతో, వెనుకకు మరలు దారి యుండియా లేకయా అని విచారించుట ఫలవంతము.

తెలుగు వచ్చిన త్రోవ

కొత్త వ్యవస్థల ద్వేషులు మరువరాని విషయ మింకొకటి యున్నది. తెలుగు కంప్యూటరులోనికి వచ్చినదే అప్‌గ్రేడుల త్రోవను. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలో తెలుగు లిపికి చోటు లభించినది. కాని సామాన్యుని యంత్రములో విండోస్ వ్యవస్థతోబాటు తెలుగు లిపి వచ్చుటకు 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ వరకు వేచియుండవలసి వచ్చినది. ఆ వ్యవస్థతో వచ్చిన గౌతమి యను అక్షరాకృతి తొలి తరమున ఎందరికో సుపరిచితము. విండోస్ 98 చాలునని కూర్చుండినవానికి ఆ భాగ్యము పట్టలేదు.

ప్రాచీన శాసనములలో కనబడి కాలక్రమమున మరుగుపడిన ఴ యను నక్షరము 2014 నాటి యూనికోడ్ సంచికలో చేరినది. పూర్వ లేఖకులు వాడిన నకారపొల్లు 2021లో చేరినది. శాసనపాఠమును ఉన్నదున్నట్లు వ్రాసికొనదలచిన విద్యార్థికి పాత యంత్రము ఆ చోట ఒక ఖాళీ పెట్టెను మాత్రమే చూపును. పాతవానిని చదువుటకు కొత్త వ్యవస్థ కావలసివచ్చుట ఇచ్చటి విచిత్రము.

దీనికి ప్రతిగా మన పాఠశాలలలోను, అచ్చుకొట్లలోను జరిగిన నష్టము గూడ కలదు. యూనికోడ్ వ్యాపింపక పూర్వము అను, శ్రీలిపి వంటి సామగ్రితో లక్షలకొలది పుటలు కూర్చబడినవి. ఆ పద్ధతిలో యంత్రమునకు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ముక్కల బొమ్మలు నిలిపి యుందురు. ఆ సామగ్రి కొత్త వ్యవస్థలో నడువనినాడు, ఆ పత్రమును తెరచినవానికి అర్థములేని ఇంగ్లీషు గుర్తుల గుంపు కనబడును. పాత ప్రశ్నపత్రములు, బడి వార్షిక సంచికలు, స్థానిక చరిత్రలు ఎన్నియో ఇట్లు మూగబోయినవి. అట్టి సామగ్రి గలవారు తమ యంత్రమును మార్పునకు అప్పగింపక ముందే వానిని యూనికోడులోనికి మార్చుకొనుట, కనీసము పీడీఎఫ్ రూపమున దాచుకొనుట అవసరము. అట్లు మార్చు సాధనములు ఉచితముగనే దొరకుచున్నవి.

బలవంతము లేని మార్పు

మార్పును ఎట్లు తీసికొనిరావలెను అను ప్రశ్నకు శ్రీముఖలింగపు పరిసరములలోనే ఒక మహనీయుని జీవితము సమాధానము చెప్పుచున్నది. గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న ఆ సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, గురువు లేకయే శ్రీముఖలింగాలయ శాసనములను చదువ నేర్చుకొనెను. కళింగనగరము శ్రీముఖలింగమే యని వాదించి నిరూపించుటకు పూనుకొనినవా డాయనయే. అట్టి ప్రాచీనలిపి పండితుడే పాఠశాలలలో వాడుకభాష ప్రవేశపెట్టవలెనని ఉద్యమించుట గమనింపదగినది. పాతదానిని క్షుణ్ణముగా చదివినవాడు కొత్తదానిని కోరెను.

ఆయన చేతిలో అధికారము లేదు. ఎవరి పుస్తకమును రాత్రికి రాత్రి మార్చు శక్తి లేదు. శాసనములనుండి, కావ్యములనుండి, వ్యాఖ్యానములనుండి ఉదాహరణములు చూపి, సభలలో గంటలకొలది వాదించి, 1919లో తెలుగు అను పత్రికను స్థాపించి, ఎదుటివారిని ఒప్పించుటకే జీవితమును ధారవోసెను. 1940 జనవరి 22న ఆయన కన్నుమూయునప్పటికి పాఠ్యపుస్తకములు పూర్తిగా మారలేదు. తరువాతి తరముల కాలమున మారినవి. ఆలస్యమైనను ఆ మార్పు నిలిచినది. ఏలన అది జనులు ఎరిగి ఒప్పుకొనిన మార్పు.

యంత్రముల విషయమున అన్ని దశాబ్దములు వేచియుండ వీలుపడదు. దొంగ రెండు మాసములే గడువిచ్చును. అయినను కారణము చెప్పుట, సమయమిచ్చుట, వలదనిన మాటను వలదనియే గ్రహించుట ఎంతటి సంస్థకైనను అసాధ్యము కాదు.

పదేండ్ల గడువు ముగిసినపుడు

విండోస్ ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8న నిలిచినవి. విండోస్ 7కు 2020 జనవరి 14న నిలిచినవి. విండోస్ 10 వంతు 2025 అక్టోబరు 14న వచ్చినది. పిదప ఒక యేడాదిపాటు, 2026 అక్టోబరు 13 వరకు, గృహస్థులకు భద్రతా మరమ్మతులను అందించు ఏర్పాటును సంస్థ ప్రకటించెను. 30 డాలర్లు చెల్లించియైనను, యంత్రపు అమరికలను సంస్థవారి దూరభాండారమున దాచుటకు ఒప్పుకొనియైనను ఆ సౌకర్యము పొందవచ్చునని చెప్పెను.

అయితే 2021 అక్టోబరు 5న వెలువడిన విండోస్ 11 అన్ని యంత్రములకును పట్టదు. టీపీఎం 2.0 అను భద్రతాసాధనము దానికి కావలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు ముందువి చాలవరకు దాని యర్హతల పట్టికలో లేవు. అనగా చక్కగా పనిచేయుచున్న యంత్రము, కేవలము వయసు కారణముగా, భద్రత లేనిదగుచున్నది. బలవంతపు అప్‌గ్రేడుకంటె ఇది వేరు తెరగు బలవంతము: వ్యవస్థ మారుటకు యంత్రమునే మార్చవలెను. పిల్లవాని చదువుకై అప్పుచేసి కంప్యూటరు కొనిన ఇంటిలో ఇది చిన్న మాట కాదు.

అట్టి యంత్రమును మూలపడవేయ నక్కరలేదు. 1991లో పుట్టిన లినక్స్ ఆధారముగా వెలసిన వ్యవస్థలు ఎన్నియో ఉచితముగా దొరకుచున్నవి. వానిలో కొన్ని పాత యంత్రములమీద గూడ చురుకుగా నడచును. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలు అట్టి స్వేచ్ఛా వ్యవస్థలమీదనే కంప్యూటరు విద్యను నడుపుచున్నవి. మన ప్రాంతమున స్వేచ్ఛ యను సంస్థ తెలుగులో అట్టి వ్యవస్థను రూపొందించుటకు కృషి చేసినది. ఆ వ్యవస్థలకు కూడ మరమ్మతులు వచ్చును. కాని మీట వాడుకరి చేతిలో నుండును. తెలుగు వ్రాత, లెక్కల పట్టికలు, జాలదర్శనము చాలునను ఇంటికి అది సరిపోవును. ఒక ప్రత్యేక క్రమణికయే కావలెననువారు మాత్రము అది నడచునో లేదో ముందుగా చూచుకొనవలెను.

గృహస్థుని జాగ్రత్తలు

విండోస్ 10 గృహసంచికలో అప్‌డేట్లను శాశ్వతముగా నిలుపు మీటను సంస్థ ఉంచలేదు. కాని 2019 మే మాసపు సంచికనుండి వానిని 35 దినములవరకు వాయిదా వేయు సౌకర్యమును కల్పించినది. పరీక్షల దినములలో, జీతపుబిల్లుల దినములలో, దరఖాస్తుల గడువు సమీపించినపుడు వాయిదా వేసికొని, తీరిక దొరకిన ఆదివారము ఆ పని ముగించుట వివేకము. యంత్రమును ఏ గంటలలో వాడుదురో చెప్పు అమరిక యొకటి యున్నది. ఆ గంటలలో అది తనంతట తాను ఆగి లేవదు.

పల్లెలలో అనేకులు మొబైలు ఫోనుద్వారా కంప్యూటరునకు ఇంటర్నెట్ ఇచ్చుచుందురు. అప్‌గ్రేడ్ కొన్ని గిగాబైట్ల పరిమాణము గలది; ఒక్కటియే దినపు డేటానంతయు మింగివేయగలదు. అట్టివారు తమ కనెక్షనును మీటర్డ్ అని గుర్తించి పెట్టినచో పెద్ద దిగుమతులు చాలవరకు నిలిచియుండును. మార్పు నడుచుచుండగా విద్యుత్తు పోయినచో వ్యవస్థ చెడు ప్రమాదము కలదు. కావున ల్యాప్‌టాప్ అయినచో బ్యాటరీ నిండియున్నపుడు, డెస్క్‌టాప్ అయినచో యూపీఎస్ యున్నపుడు మాత్రమే ఆ పనికి పూనుకొనవలెను.

అప్‌గ్రేడ్ అయిన పిమ్మట అది నచ్చనిచో, సామాన్యముగా 10 దినములలోపల పాత వ్యవస్థకు మరలు దారిని విండోస్ ఉంచుచున్నది. ఆ గడువు దాటినచో పాతదానిని అది తానే తుడిచివేయును. కావున కొత్త యిల్లు చూచిన మొదటి వారములోనే ప్రింటరు, స్కానరు, తెలుగు కీబోర్డు, మార్కుల పట్టిక అన్నియు నడచుచున్నవో లేవో పరీక్షింపవలెను.

అన్నింటికంటె ముఖ్యము ప్రతిలేఖనము. ముఖ్యమైన ప్రతి పత్రమునకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు వేర్వేరు సాధనములమీద నుండవలెను. అందొకటి ఇంటికి వెలుపల నుండవలెనని నిపుణుల సూత్రము. శ్రీకాకుళమువారికి ఈ సూత్రమును ప్రత్యేకముగా బోధింప నక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి, ఉద్దానపు కొబ్బరితోటలను నేలకూల్చి, గ్రామములను దినములకొలది చీకటిలో ముంచినది. విండోస్ సంచిక పత్రములను తుడిచివేసినదియు ఆ నెలలోనే. గాలి తెచ్చిన నష్టమునకును, యంత్రము తెచ్చిన నష్టమునకును మందొక్కటియే: పొరుగూరి బంధువునింట నొక చిన్న డిస్కులో దాచిన మరియొక ప్రతి.

చదివి నొక్కుట

పాఠశాలలలో కంప్యూటరు పాఠమనగా మీటల పేర్లు వల్లించుటగా ముగియుచున్నది. తెరమీద ఒక పెట్టె వెలసినపుడు అందులో నేమి వ్రాసియున్నదో చదువుట, అది మరమ్మతో మార్పో గుర్తించుట, సరే, వలదు, తరువాత అను మూడింటిలో తనకు కావలసిన దానిని ఎరిగి నొక్కుట పిల్లలకు నేర్పవలసిన పాఠము. అందులకు కొత్త యంత్రములు అక్కరలేదు. ఒక్క పిరియడు చాలును. ఒక విద్యార్థి లేచి ఆ పెట్టెలోని వాక్యములను తెలుగున చదివి తరగతికి వివరించినచో అది భాషాపాఠమును అగును, పౌరధర్మపు పాఠమును అగును.

చదువనివాని సమ్మతి సమ్మతి కాదని వాదించుట సులభము. కాని చదువుట నేర్చినవాడు ఆ వాదమును న్యాయస్థానముదాక తీసికొనిపోగలడు. పెద్ద సంస్థచేత మీట మార్పించగలడు. అవసరమైన మరమ్మతును ఆలసింపక చేసికొని దొంగకు తలుపు మూయగలడు. తాళము వారి చేతిలో నున్నను, గడప దాటి లోనికి వచ్చుచున్నది ఎవరో ఎరిగియుండుట ఇంటివాని చేతిలోనే యున్నది.